హిమాలయాల నీలి పాపీని పెంచాలంటే

ఉత్తరాఖండ్‌లోని పూలలోయకు జులై, ఆగస్టు నెలల్లో వెళ్లొచ్చినవాళ్ల ఫోన్లో ఒక ఫోటో దాదాపు ఖాయంగా ఉంటుంది. తడిసిన బండల సందులోంచి లేచిన కాడ, దాని నిండా సన్నటి ముళ్లు, పైన పట్టుగుడ్డలా పల్చని నీలి రేకులు, మధ్యలో పసుప్పచ్చని కేసరాల గుత్తి. అదే నీలి పాపీ. ఆ ఫోటో చూసినవాళ్లు మొదట అడిగేది ‘నిజంగా అంత నీలంగా ఉంటుందా?’ అని. తర్వాత అడిగేది ‘విత్తనాలు దొరికితే మన ఇంట్లో పెంచుకోవచ్చా?’ అని.

నీలంగానే ఉంటుంది. పెంచుకోవడం సంగతికొస్తే, మైదానంలో ఉండేవాళ్లకు ‘కుదరదు’ అని ఒక్క మాటలో చెప్పేయొచ్చు. అయితే ఎందుకు కుదరదో తెలుసుకోవడం చాలా అవసరమని నేననుకుంటాను. కొండ మొక్కల గురించి మనకున్న అపోహల్లో సగం అక్కడే తీరిపోతాయి. ఎక్కడ బతుకుతుందో, ఎలా బతికించాలో కూడా అందులోంచే తెలుస్తుంది.

ఇక్కడ చాలామంది ఒక మాట అంటారు: ‘మా ఇంట్లో బ్రహ్మకమలం పూస్తోంది. అదీ హిమాలయాల పువ్వే కదా!’ మన ఇళ్లలో రాత్రిపూట తెల్లగా విచ్చుకునే బ్రహ్మకమలం హిమాలయాలది కాదు. అది మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాల నుంచి వచ్చిన, కాక్టస్ కుటుంబానికి చెందిన మొక్క. ఆకు విరిచి మట్టిలో గుచ్చినా బతుకుతుంది. అసలు బ్రహ్మకమలం చామంతి కుటుంబానికి చెందినది. ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం అదే. పూలలోయ పక్కనే ఉన్న సిక్కుల యాత్రాస్థలం హేమకుండ్ దారిలో, నీలి పాపీలు ఉండే ఎత్తులోనే పూస్తుంది. అది కూడా మన డాబా మీద బతకదు. కాబట్టి ఇంటి బ్రహ్మకమలాన్ని చూసి నీలి పాపీ మీద ధైర్యం తెచ్చుకోవద్దు.

ఇంకో సందేహం చట్టం గురించి. పాపీ అంటే గసగసాల మొక్క, గసగసాల మొక్క అంటే నల్లమందు, లైసెన్సు లేకుండా పెంచితే కేసు అని భయపడేవాళ్లున్నారు. ఆ భయం నల్లమందు మొక్క విషయంలో నిజమే. మన దేశంలో దాన్ని మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో కేంద్రం ఇచ్చే లైసెన్సు మీదే సాగు చేస్తారు. నీలి పాపీ అదే కుటుంబంలోదే అయినా వేరే ప్రజాతి, పేరు మెకనాప్సిస్. గ్రీకులో ‘పాపీలా కనిపించేది’ అని అర్థం. దీనికీ నల్లమందుకూ సంబంధం లేదు.

పేర్ల గందరగోళం

నీలి పాపీ అంటే ఒకే మొక్క అనుకుంటే విత్తనాలు కొనే దగ్గరే దెబ్బ తింటాం. మెకనాప్సిస్‌లో చాలా జాతులున్నాయి. హిమాలయాల పడమటి కొస నుంచి టిబెట్, పశ్చిమ చైనా దాకా పరుచుకుని ఉంటాయి. వాటిలో పసుపు, తెలుపు, ఎరుపు పూసేవి కూడా ఉన్నాయి. మన పూలలోయలో కనిపించేది మెకనాప్సిస్ అక్యులియేటా. ‘అక్యులియేటా’ అంటే ముళ్లున్నది. కశ్మీర్, హిమాచల్‌లలో కూడా కనిపిస్తుంది. విదేశీ తోటల ఫోటోల్లో గుబురుగా, అరచేయంత పువ్వులతో కనిపించేది ఇది కాదు. అది ఎక్కువగా టిబెట్ ఆగ్నేయ ప్రాంతానికి చెందిన బెయిలీ పాపీయో, లేదా తోటల్లో పుట్టిన సంకరజాతో అయి ఉంటుంది.

ఆ బెయిలీ పాపీ పేరు వెనక ఒక కథ ఉంది. 1886లో ఫ్రెంచి మతబోధకుడు డెలవే చైనాలోని యున్నాన్‌లో ఒక నీలి పాపీని సేకరించాడు. దానికి బెటోనిసిఫోలియా అని పేరు పెట్టారు. 1913లో ఫ్రెడరిక్ బెయిలీ అనే బ్రిటిష్ అధికారి టిబెట్‌లో సాంగ్‌పో (మన బ్రహ్మపుత్ర) నది దారి వెతుకుతూ వెళ్లి, దారిలో ఒక నీలి పువ్వు కోసి తన పుస్తకంలో నొక్కిపెట్టుకున్నాడు. లండన్ దగ్గరి క్యూ తోటలో దాన్ని పరిశీలించి బెయిలీ పేరు పెట్టింది డేవిడ్ ప్రెయిన్. ఆయన అంతకుముందు కలకత్తా బొటానికల్ గార్డెన్‌ను నడిపినవాడే. 1924లో మొక్కల సేకర్త ఫ్రాంక్ కింగ్డన్ వార్డ్ అదే ప్రాంతానికి వెళ్లి, ఎండాకాలంలో పువ్వు ఎక్కడుందో గుర్తుపెట్టుకుని, గింజ ముదిరాక మళ్లీ వచ్చి సేకరించాడు. ఆ గింజలతోనే బ్రిటన్ తోటల్లో నీలి పాపీ మోజు మొదలైంది.

1934లో వృక్షశాస్త్రవేత్త జార్జ్ టేలర్ ఈ రెండూ ఒకటేనని తేల్చి, పాత పేరు బెటోనిసిఫోలియానే ఖాయం చేశాడు. 2009లో మరో వృక్షశాస్త్రవేత్త క్రిస్టఫర్ గ్రే విల్సన్, కాదు రెండూ వేరని చెప్పి బెయిలీ పేరును తిరిగి నిలబెట్టాడు. అందువల్ల 75 ఏళ్లపాటు అచ్చయిన తోట పుస్తకాల్లో, విత్తనాల ప్యాకెట్ల మీద ‘బెటోనిసిఫోలియా’ అని ఉన్నదంతా దాదాపు బెయిలీ పాపీయే. ఇప్పటికీ చాలా ప్యాకెట్ల మీద పాత పేరే ఉంటుంది. భూటాన్ జాతీయ పుష్పమైన నీలి పాపీ విషయంలోనూ ఇలాగే జరిగింది. దాన్ని చాలాకాలం గ్రాండిస్ జాతి అనుకున్నారు. తర్వాత వేరే జాతిగా గుర్తించి, భూటాన్ భాషలో ఆనందం అనే అర్థమున్న మాటతో కొత్త పేరు పెట్టారు.

ఒక పేరు మాత్రం మనకు బాగా దగ్గరిది. టిబెట్ వైద్యంలో ఈ మొక్కను ‘ఉత్పల్ న్గోన్పో’ అంటారు, అంటే నీలి ఉత్పలం. మన ఉత్పలమాలలోని ఉత్పలమే అది. సంస్కృత వైద్య గ్రంథాలు టిబెట్‌కు వెళ్లినప్పుడు కలువ పేరు కూడా వెళ్లింది. కలువలు దొరకని మంచుకొండల మీద ఆ పేరు నీలి పాపీకి స్థిరపడింది.

పెంచేవాళ్లకు పేరుతో ఏం పని అంటారేమో. జాతిని బట్టి మొక్క ఎన్నాళ్లు బతుకుతుందో, ఎలాంటి నేల కోరుతుందో మారిపోతుంది. ఆన్‌లైన్‌లో ‘బ్లూ పాపీ సీడ్స్’ అని రంగు మార్చిన ఫోటోలతో అమ్మే ప్యాకెట్లలో మామూలు తోట పాపీ గింజలు ఉండటం కూడా మామూలే. శాస్త్రీయ నామం, గింజ సేకరించిన సంవత్సరం రెండూ చెప్పలేని చోట కొనకపోవడమే మంచిది. విదేశం నుంచి తెప్పించాలంటే మన ప్లాంట్ క్వారంటైన్ నిబంధనల ప్రకారం దిగుమతి అనుమతి, తెగుళ్లు, పురుగులు లేవని ఆ దేశం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి. కవర్లో పెట్టి పంపించమని చుట్టాలకు చెప్పడం కుదరదు.

3,500 మీటర్ల ఎత్తులో ఒక సంవత్సరం

ఈ మొక్క పెంపకం గురించి చదివితే సూచనలన్నీ ఒకదానికొకటి అడ్డం పడుతున్నట్టు అనిపిస్తుంది. వెలుతురు బాగా కావాలంటారు, ఎండ తగలకూడదంటారు. మట్టి ఎప్పుడూ తడిగా ఉండాలంటారు, నీళ్లెక్కువైతే చస్తుందంటారు. మంచులో బతికే మొక్క అంటారు, శీతాకాలంలో దాని మీద కప్పు వేయమంటారు. ఇవన్నీ నిజమే. అది పుట్టిన చోట ఒక సంవత్సరం ఎలా గడుస్తుందో చూస్తే చిక్కు విడిపోతుంది.

నవంబరు నుంచి ఏప్రిల్, మే దాకా మొక్క మంచు కింద ఉంటుంది. పైన గాలి మైనస్ 15 డిగ్రీలున్నా, మందంగా పడిన మంచు కింద నేల సున్నా దగ్గరే ఆగిపోతుంది. మంచు దుప్పటిలా పనిచేస్తుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, ఆ ఆరు నెలలూ నీరు గడ్డకట్టి ఉంటుంది కాబట్టి మొక్క మొదలుకు తడి తగలదు. దాని శీతాకాలం పొడి శీతాకాలం. నిద్రపోతున్న మొగ్గ చుట్టూ చల్లటి నీళ్లు నిలవడం దానికి తెలియదు. 5 డిగ్రీల చలిలో రోజూ వాన పడే ఊళ్లో దీన్ని నాటితే, మైనస్ 15 గాలి కింద మంచు చాటున బతికిన మొక్క కుళ్లిపోయేది అందుకే. బ్రిటన్‌లో కొన్ని జాతుల మీద శీతాకాలం గాజు పలక అడ్డంపెట్టేది చలికి కాదు, వానకు.

మే, జూన్‌లలో మంచు కరుగుతుంది. నేల ఒక్కసారిగా తడుస్తుంది, మొక్క లేస్తుంది. ఆ వెంటనే రుతుపవనాలు. జులై, ఆగస్టుల్లో పూలలోయ ఎక్కువ భాగం పొగమంచులో, సన్నటి వానలో ఉంటుంది. వెలుతురు ఎక్కువే, కానీ మబ్బుల్లోంచి వడగట్టినట్టు వస్తుంది. గాలి నిండా తేమ. నేల వాలుగా, రాళ్లతో, కుళ్లిన ఆకులతో నిండి ఉంటుంది కాబట్టి నీరు వస్తూనే ఉంటుంది, పోతూనే ఉంటుంది. ‘తడిగా ఉండాలి, నీరు నిలవకూడదు’ అన్న మాట అక్కడ నిలబడి చూసినవాళ్లకు వింతగా అనిపించదు. సెప్టెంబరులో వానలు తగ్గుతాయి, గింజ ముదురుతుంది, అక్టోబరులో చలి మళ్లీ మొదలు.

ఇందులో మనం ఇంటి దగ్గర ఇవ్వలేనిది ఒకటుంది. అది రాత్రుల చల్లదనం.

మొక్క పగలు వెలుతురులో చక్కెర తయారుచేసుకుంటుంది. శ్వాస మాత్రం పగలూ రాత్రీ తీసుకుంటూనే ఉంటుంది, దానికోసం చక్కెరను ఖర్చుచేస్తుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఈ ఖర్చు ఇంచుమించు రెట్టింపవుతుంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి సగటున ప్రతి 1,000 మీటర్లకు 6.5 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. అంటే 3,500 మీటర్ల దగ్గర సముద్రమట్టం కంటే సుమారు 23 డిగ్రీలు తక్కువ. మైదానంలో వేసవి రాత్రి 30 డిగ్రీలుంటే అక్కడ 7. ఏడు డిగ్రీల రాత్రికి అలవాటుపడ్డ మొక్కను 27 డిగ్రీల రాత్రిలో పెడితే, చీకట్లో దాని ఖర్చు నాలుగింతలవుతుంది. పగలంతా సంపాదించింది తెల్లారేసరికి అయిపోతుంది. పగటి ఎండకు షేడ్ నెట్ కట్టొచ్చు. అలా కడితే సంపాదనా తగ్గిపోతుంది. అందుకే మైదానంలో నీలి పాపీ నారు ఎండి చావదు, రోజురోజుకూ నీరసించి చస్తుంది. చూసేవాళ్లు నీళ్లు తక్కువయ్యాయనుకుని ఇంకా పోస్తారు. అలసిన వేళ్లు ఆ తడిలో కుళ్లిపోతాయి. పోయింది వేరుకుళ్లుతో అని రాసుకుంటారు, మొదలైంది మాత్రం వేడి రాత్రులతో.

‘ఏసీ గదిలో పెడితే?’ అని అడుగుతారు. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది, ఈ మొక్కకు తేమ కావాలి. గదిలో వెలుతురు మొక్కకు చాలదు. గ్రో లైట్లు, హ్యుమిడిఫయర్, రాత్రికి 10 డిగ్రీల చల్లదనం, ఆ పైన మూడు నెలల పొడి చలి, ఇవన్నీ ఏర్పాటుచేస్తే సాధ్యమే. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఉన్న లాంగ్‌వుడ్ గార్డెన్స్ లాంటి పెద్ద తోటలు తమ గాజు ఇళ్లలో ఏటా మార్చిలో కొద్ది రోజులు నీలి పాపీలను పూయించి చూపిస్తాయి. అది ప్రదర్శన. ఆ మొక్కను ఏళ్ల తరబడి బతికించడం వేరే పని.

విత్తనం నుంచి నారు దాకా

వేసవిలో పగలు 25 డిగ్రీలు దాటడం అరుదుగా ఉండి, రాత్రులు బాగా చల్లబడే చోట ఉన్నవాళ్లకు మాత్రం ఇది నిజంగా సాధ్యమయ్యే పని. స్కాట్లండ్, నార్వే, కెనడా తూర్పు తీరం, అలాస్కా లాంటి చోట్ల ఇళ్ల ముందే పెంచుతున్నారు. మన హిమాలయ రాష్ట్రాల్లో ఎత్తైన ఊళ్లలో ఉండేవాళ్లకూ ఆశ ఉంది. అలాంటి చోట మొదటి పరీక్ష విత్తనమే.

ఈ గింజలు ఆవగింజ కంటే చిన్నవి. మామూలు గది వేడిలో త్వరగా చచ్చిపోతాయి. కోసిన ఏడే వాడాలి, లేదా పూర్తిగా ఆరబెట్టి గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర దాచాలి. మొలవని ప్యాకెట్లలో చాలావరకు దుకాణం అరలోనే చచ్చిపోయి ఉంటాయి. పెంచినవాళ్లు తమ చేతిదే తప్పని బాధపడుతుంటారు.

మంచు కరిగాక మొలవాల్సిన గింజ కాబట్టి, కొన్ని వారాల తడిచలి గడిచిందని నమ్మకం కుదిరితే తప్ప చాలా జాతుల్లో అది మొలవదు. శరదృతువు మధ్యలో రాలిన గింజ వెంటనే మొలిస్తే మంచుకు బలైపోతుంది.  తడి ఇసుకలో కలిపి ఒక నెలపాటు ఫ్రిజ్‌లో పెట్టడం అంటే ఆ శీతాకాలాన్ని మనం నటించి చూపించడమే. బెయిలీ లాంటి జాతుల తాజా గింజలు ఇది లేకుండా కూడా మొలుస్తాయి. పాతబడిన గింజకు, అక్యులియేటా లాంటి పైఎత్తుల జాతులకు ఇది చేయడమే క్షేమం.

తర్వాత ట్రేలో చల్లాలి. మీద మట్టి కప్పకూడదు. వెలుతురు తగిలితేనే బాగా మొలుస్తాయి. సన్నటి గులకరాళ్ల పొడి పల్చగా జల్లితే సరిపోతుంది. 10 నుంచి 15 డిగ్రీల మధ్య రెండు మూడు వారాల్లో మొలకలొస్తాయి. 20 దాటితే గింజలు మళ్లీ నిద్రలోకి జారుకుంటాయి. నీళ్లు పైనుంచి పోయకుండా ట్రేను నీటి పళ్లెంలో కాసేపు ఉంచి తీసేయాలి.

నారుకుళ్లు తెగులు ఇక్కడే కాచుకుని ఉంటుంది. పొగాకు, టమాటా, మిరప నారు పోసినవాళ్లందరికీ తెలిసిన తెగులే. రాత్రి నిలబడి ఉన్న నారు తెల్లారేసరికి మొదలు దగ్గర నలిగి ఒరిగిపోతుంది. పల్చగా చల్లడం, గాలి ఆడనివ్వడం, మట్టిలో పచ్చి ఎరువు లేకుండా చూసుకోవడం తప్ప దీనికి పెద్ద మందేమీ లేదు. మందు కొట్టి ఆపొచ్చని కొందరు అంటారు. ఇంత సున్నితమైన నారు మీద దాన్ని నేను నమ్మను, గాలినే నమ్ముతాను.

రెండు మూడు అసలు ఆకులు వచ్చాక విడివిడి కుండీల్లోకి మార్చాలి. తల్లివేరు తెగకుండా, మట్టితో సహా తీయాలి. ఈ దశలో ఒక్కసారి ఎండితే మొక్క ఆగిపోతుంది. ఆగిన మొక్క మళ్లీ అందుకోవడం కష్టం.

నేల, నీడ, నీళ్లు

నేల కాస్త ఆమ్లగుణంతో, పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే మంచిది. సున్నపు నేల పనికిరాదు, సున్నం ఎక్కువున్న బోరు నీళ్లు కూడా నెమ్మదిగా అదే చెడు చేస్తాయి. వాన నీళ్లు పట్టి దాచుకోగలిగితే వాటిని మించింది లేదు. మట్టిలో బాగా కుళ్లిన ఆకుల ఎరువు సగం దాకా ఉండాలి. మిగతాది ముతక ఇసుక, సన్న గులకరాళ్లు, కొంచెం తోట మట్టి. పచ్చి పేడ, యూరియా దగ్గరికి రానివ్వొద్దు. నత్రజని ఎక్కువైతే ఆకు మెత్తగా ఏపుగా పెరుగుతుంది, బూజు తెగులు పట్టుకుంటుంది, శీతాకాలం దాటదు.

పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం చెట్ల కింద చెదిరిన నీడ పడే చోటు కావాలి. గాలి నేరుగా కొట్టకూడదు. రేకులు చాలా పల్చన, ఒక్క ఈదురుగాలికి చిరిగిపోతాయి. వసంతం నుంచి పూత దాకా నీళ్లు తప్పకూడదు. మొదలు చుట్టూ ఆకులు పరిచి నేలను చల్లగా ఉంచాలి, కానీ మొగ్గ నడినెత్తి మీద పడకూడదు. నత్తలు లేత ఆకుల్ని ఒక్క రాత్రిలో తినేస్తాయి. చీకటి పడ్డాక టార్చి తీసుకెళ్లి ఏరేయడమే.

పూసి చచ్చిపోవడం

పెంచేవాళ్లను ఎక్కువ బాధపెట్టేది ఇది. రెండు మూడేళ్లు కంటికి రెప్పలా చూసుకున్న మొక్క ఒక జూన్‌లో అద్భుతంగా పూసి, శరదృతువుకల్లా వేరుతో సహా ఎండిపోతుంది. ఏం తప్పు చేశామో అని వెతుక్కుంటారు. చాలాసార్లు తప్పేమీ ఉండదు.

మెకనాప్సిస్ జాతుల్లో చాలావాటికి జీవితంలో ఒక్కసారే పూత. మన అరటి చెట్టు గెల వేసి పోయినట్టే. అరటికి పిలకలుంటాయి, వీటికి అవీ ఉండవు. మన పూలలోయ అక్యులియేటా ఈ కోవలోదే. భూటాన్‌లో తెల్లగా పూసే సుపర్బా కూడా. కొన్నేళ్లపాటు ఆకులను గుండ్రంగా పరుచుకుని వేరులో తిండి కూడబెట్టుకుంటాయి. సరిపోయిందనుకున్న ఏడు అంతా ఒకే కాడ మీద ఖర్చుపెట్టేస్తాయి. ఎండాకాలం నాలుగు నెలలు కూడా లేని చోట, ప్రతి ఏడూ కొంచెం కొంచెం పూసి అన్నీ మంచుపాలు చేసుకోవడం కంటే ఇది లాభసాటి.

గ్రాండిస్ లాంటివి ఏటా పూస్తాయి, మొదలు దగ్గర పిలకలు వేసి గుబురవుతాయి. బెయిలీ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. అదే గింజల్లోంచి వచ్చిన మొక్కల్లో ఒకటి ఏళ్ల తరబడి బతుకుతుంది, పక్కది పూయగానే పోతుంది. ఇక్కడే పెంచేవాళ్ల చేతిలో ఒక పని ఉంది. మొదలు దగ్గర ఒకే చిగురుమొగ్గతో ఉన్న చిన్న మొక్క మొదటి ఏడే పూకాడ వేస్తే, దాన్ని విచ్చుకోకముందే తుంచేయాలి. ఆ శక్తి మొదలుకు మళ్లి, పక్క మొగ్గలు పుట్టే అవకాశం పెరుగుతుంది. కచ్చితంగా పనిచేస్తుందని చెప్పలేం, కానీ గుబురైన మొక్కలే ఎక్కువకాలం ఉంటాయన్నది నిజం. ఇన్నాళ్లు ఎదురుచూసిన పూమొగ్గను మన చేత్తో తుంచడానికి మనసు రాదు. తుంచాలి. అక్యులియేటా లాంటి ఒక్కపూత జాతుల్లో మాత్రం ఇలా చేయకూడదు. వాటిని పూయనిచ్చి గింజ పట్టుకోవడమే దారి.

గుబురైన మొక్కను మూడు నాలుగేళ్లకోసారి, వసంతం మొదట్లోనో పూత అయిపోయాకనో తవ్వి పిలకలుగా విడదీయాలి. కొన్ని రకాలకు ఇదొక్కటే దారి. 1934లో మొక్కల సేకర్తలు ఫ్రాంక్ లడ్లో, జార్జ్ షెరిఫ్ భూటాన్ తూర్పు నుంచి 600 నంబరు వేసి పంపిన గింజల సంతతిగా స్కాట్లండ్ తోటల్లో పేరుపడ్డ నీలి పాపీలు గింజ కట్టవు. ఎవరో ఒకరు పిలక తీసి ఇంకొకరికి ఇస్తూ రావడం వల్లే అవి ఇన్ని దశాబ్దాలు మిగిలాయి. ‘లింగ్‌హోమ్’ అనే సంకరం మాత్రం గింజ కడుతుంది, ఏటా పూస్తుంది కూడా. అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు దాన్నే సిఫారసు చేస్తారు. నా సలహా కూడా అదే.

ఆ నీలం ఎక్కడిది

పువ్వుల్లో అసలైన నీలం అరుదు. ఈ పువ్వులోని రంగు పదార్థం ఆంథోసయనిన్, అంటే పూలకూ పళ్లకూ ఎరుపు, ఊదా రంగులిచ్చే పదార్థాల్లో ఒకటి. అందులోనూ సయనిడిన్ అనే రకం. ఎర్ర గులాబీలో ఎరుపు తెచ్చేదీ సయనిడినే. అదే పదార్థం ఇక్కడ నీలం ఎలా అయింది? జపాన్ రసాయన శాస్త్రవేత్తలు పరిశీలిస్తే రేకు కణాల్లో అది ఇనుము, మెగ్నీషియం అయాన్లతోనూ, ఫ్లేవొనాల్ అనే మరో పదార్థంతోనూ జట్టుకట్టి ఉందని తేలింది. ఇనుము లేకపోతే ఆ నీలం రాదు.

పుల్లటి నేల అయితేనే నీలం బాగా వస్తుందన్న తోటవాళ్ల మాటకు ఇందులో కొంత ఆధారం కనిపిస్తుంది. సున్నపు నేలలో ఇనుమున్నా వేళ్లకు అందదు. నిమ్మ ఆకులు పాలిపోయినప్పుడు మనం ఇనుము లోపం అంటామే, అదే సంగతి. అలాగని పీహెచ్ ఒక్కటి సరిచేస్తే ఊదారంగు పువ్వు నీలమవుతుందని ఆశపడొద్దు. ఒకే నేలలో ఒకే మొక్క ఒక ఏడు నీలంగా, వేడెక్కువైన ఏడు ఊదాగా పూయడం పెంచేవాళ్లు తరచూ చూస్తారు. కుండీలో ఇనుప మేకులు గుచ్చడం లాంటివి చేయకండి. పువ్వు ఊదాగా వస్తే ముందు చూడాల్సింది మొక్క వేడితోనో దాహంతోనో ఇబ్బంది పడుతోందా అని.

మైదానంలో ఉన్నవాళ్ల సంగతి

పెంచొద్దనే నేను చెబుతాను. గింజ మొలిపించడం కష్టం కాదు, డిసెంబరు చలిలో మొలకలు వస్తాయి కూడా. మార్చి వచ్చేసరికి అన్నీ పోతాయి. ఆ గింజలు ఎక్కడివో ఒక చల్లటి చోట మొలిచి బతకాల్సినవి. దీన్ని చూడాలనిపిస్తే వెళ్లి చూడటమే సరైన దారి. పూలలోయ జాతీయ ఉద్యానం జూన్ 1 నుంచి అక్టోబరు 31 దాకా తెరిచి ఉంటుంది. లోయ దగ్గరి ఘాంగరియా ఊళ్లో ఉండి పగలు వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేయాలి, లోపల బస చేయనివ్వరు. నీలి పాపీకి జులై రెండో సగం నుంచి ఆగస్టు మధ్య దాకా మంచి కాలం. లోయలోనే కాదు, హేమకుండ్ ఎక్కే దారిలో రాళ్ల మధ్య కూడా వెతకండి.

సెప్టెంబరులో వెళ్తే పువ్వులుండవు. ఎండిపోయిన ముళ్ల కాడలు, వాటి మీద పైకొస దగ్గర చీలికలుగా తెరుచుకున్న కాయలు ఉంటాయి. ఒక్కటి తుంచి జేబులో వేసుకుంటే ఎవరికీ తెలియదనిపిస్తుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ ఉద్యానంలోంచి ఆకు తెచ్చినా నేరమే. ఆ కాడ కింద మొక్క అప్పటికే చచ్చిపోయి ఉంటుంది. పిలకలు లేవు, వచ్చే ఏడు మళ్లీ పూసేది లేదు. నాలుగేళ్లు కూడబెట్టి అది వదిలివెళ్లిందల్లా గాలి వీచినప్పుడల్లా రాళ్ల సందుల్లోకి కొన్ని కొన్ని రాలుతున్న ఆ గింజలే. ఇంకొన్ని వారాల్లో వాటి మీద మంచు పడుతుంది.